పాఠం ఇంటికొచ్చింది, బడి రాలేదు

హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద నకిరేకల్‌లో దిగి చుట్టుపక్కల ఏ ఊరి వాడకు పోయినా ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ లేని ఇల్లు తక్కువే. ఆ ఫోన్‌లో ఒకటో తరగతి అక్షరాల నుంచి గ్రూప్స్ పరీక్షల దాకా అన్ని పాఠాలూ దొరుకుతాయి. అందుకే ఒక మాట ఈ మధ్య తరచుగా వినబడుతోంది. "అన్నీ ఫోన్‌లనే ఉన్నప్పుడు ఇంక బడెందుకు, సారెందుకు?" పిల్లలు తక్కువున్నారని ఊరి బడిని పక్క ఊరి బడిలో కలిపే మాట వచ్చినప్పుడు, కాలేజీలో లెక్చరర్ పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నప్పుడు ఈ మాట చాలామందికి సమాధానంలా పనికొస్తోంది.

ఆన్‌లైన్ చదువు మేలా, తరగతి గది మేలా అని విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. ఎవరికి, ఏ వయసులో, ఎవరి ఖర్చుతో అన్న మూడు సంగతులు తేలకుండా దీనికి జవాబు లేదని మేం అనుకుంటున్నాం. నకిరేకల్ 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడి వాడల నుంచి చూస్తే ఆ మూడు సంగతులూ తేటగా కనబడతాయి.

2020లో ఏం జరిగింది

కరోనా వల్ల తెలంగాణలో బడులు 2020 మార్చి మధ్యలో మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వం డిజిటల్ తరగతులు మొదలుపెట్టింది. దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో ఒక్కో తరగతికి ఒక్కో సమయంలో పాఠం వచ్చేది. టీచర్లు వాట్సాప్ గ్రూపులు పెట్టారు, వర్క్‌షీట్లు పంపారు. ఇంటర్నెట్ లేకపోయినా టీవీ ఉంటే పాఠం అందాలన్న ఆలోచన మంచిదే. కొన్ని రాష్ట్రాలు ఆ మాత్రం కూడా చేయలేదు.

అయితే ఆ పాఠాలు మూడో తరగతి నుంచి పదో తరగతి వరకే. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు టీవీలో కూడా బడి లేదు.

తర్వాత 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు, అదే నెల 24న ఆరు నుంచి ఎనిమిది తరగతులకు బడులు తెరిచారు. నెల తిరిగే సరికి, మార్చి 24న మళ్లీ మూసేశారు. అన్ని తరగతులకూ తెరిచింది 2021 సెప్టెంబర్ 1న. అంటే ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు దాదాపు ఏడాదిన్నర బడి గడప తొక్కలేదు. గురుకులాలు, హాస్టళ్లు ఆ రోజు కూడా తెరుచుకోలేదు. కరోనా భయంతో హైకోర్టు ఆపడం వల్ల అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. మన పిల్లలు ఎక్కువగా ఆధారపడ్డ బడులే అందరికన్నా ఆలస్యంగా తెరుచుకున్నాయి.

ఆ కాలంలో మా వాడల్లో పరిస్థితి చెప్పాలంటే, ఇంటికి ఒక్కటే ఫోన్, అది నాయన జేబులో ఉండేది. ఆయన పొద్దున్నే అడ్డా మీదికో, నిమ్మతోటలో కాయ కోతకో పోతే ఫోనూ ఆయనతోనే పోయేది. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే పెద్దవాడి పరీక్ష ముందు, చిన్నదాని పాఠం చివర. డేటా అయిపోతే ఆ రోజుకు బడి అయిపోయినట్టే. పత్తి ఏరే రోజులు రాగానే ఇంట్లో ఖాళీగా కనబడ్డ పిల్లలు తల్లి వెంట చేనుకు పోయారు. బడి ఉన్నప్పుడు కూలికి పోవడానికి అడ్డంగా బడి గంట ఉండేది. టీవీలో వచ్చే పాఠానికి హాజరు పట్టీ లేదు, ఇంటికొచ్చి "బిడ్డ ఎందుకు రాలేదు" అని అడిగే టీచరూ లేదు.

లెక్కలు చెబుతున్నది

మా కంటికి కనబడ్డదే దేశమంతటా జరిగింది. జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్ ప్రకారం 2017-18లో గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం. పట్టణాల్లో ఇవి 42 శాతం, 23.4 శాతం. ఆన్‌లైన్ బడికి దేశం ఈ పునాది మీద దిగింది.

2021 ఆగస్టులో జ్యాఁ ద్రేజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్ర పాలిత ప్రాంతాల్లో దాదాపు 1,400 మంది పేదింటి పిల్లలతో ఒక సర్వే చేశారు. అందులో తెలంగాణ లేదు గానీ, అది చెప్పిన విషయం మనకు తెలిసిందే. గ్రామాల్లో రోజూ ఆన్‌లైన్‌లో చదువుతున్న పిల్లలు 8 శాతం. 37 శాతం మంది అసలే చదవడం లేదు. దళిత, ఆదివాసీ పిల్లలను విడిగా లెక్కిస్తే రోజూ ఆన్‌లైన్‌లో చదువుతున్నది 4 శాతమే. గ్రామాల్లోని మిగతా పిల్లల్లో అది 15 శాతం. ఊరు ఒక్కటే, టవర్ ఒక్కటే. అయినా ఊరికీ వాడకూ మధ్య దాదాపు నాలుగింతల తేడా వచ్చింది.

ఫోన్లు పెరిగితే ఈ తేడా పోతుందని కొందరంటారు. ఫోన్లు పెరిగిన మాట నిజమే. బడి ఈడు పిల్లలున్న గ్రామీణ ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం ఉంటే 2020లో 61.8 శాతమయ్యాయని అసర్ నివేదిక చెప్పింది. కానీ చదువు పెరగలేదు. 2022 అసర్ సర్వేలో తెలంగాణ గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 5.2 శాతం మాత్రమే. 2018లో వాళ్లు 18.1 శాతం. అదే నాలుగేళ్లలో దేశం మొత్తం మీద ఇది 27.3 నుంచి 20.5 శాతానికి పడింది. మన దగ్గర పతనం ఇంకా లోతుగా ఉంది.

ఆ 2022 నాటి మూడో తరగతి పిల్లలు ఎవరు? 2020లో ఒకటో తరగతిలో ఉండాల్సినవాళ్లు. పలక పట్టే వయసులో బడి మూసి, డిజిటల్ తరగతుల్లో కూడా చోటివ్వని పిల్లలు. ఏ తరగతీ తప్పకుండా పోతే వాళ్లు 2030లో పదో తరగతి పరీక్ష రాస్తారు. కరోనా మనకు పాత సంగతి కావచ్చు. ఆ పిల్లలకు మాత్రం దాని ఫలితం ఇంకా ముందుంది.

బడిలో పాఠం కాక ఇంకేమున్నాయి

అక్షరం నేర్చుకునే పిల్ల ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి. తలకట్టుకీ దీర్ఘానికీ తేడా, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా వీడియో ఎన్నిసార్లైనా చూపించగలదు. ఈ పిల్ల ఏ ఒత్తు దగ్గర తడబడుతుందో మాత్రం వీడియోకు తెలియదు. పలక మీద వేలు పట్టి దిద్దించే మనిషికి అది తెలుస్తుంది. చదువుకున్న ఇంట్లో ఆ పని అమ్మో, అన్నో చేస్తారు. మొదటి తరం చదువుకుంటున్న ఇంట్లో ఆ పని చేసే మనిషి టీచర్ ఒక్కరే. ఆమెను తెర వెనక్కి పంపితే నష్టపోయేది ఆ ఇల్లే.

బడి మధ్యాహ్నం భోజనం పెడుతుంది, గుడ్డు పెడుతుంది. కూర్చోవడానికి నీడ, చదవడానికి వెలుతురు ఇస్తుంది. ఆడపిల్ల పెళ్లి మాట వస్తే "ఇంకా చదువుతుంది" అనడానికి ఒక కారణం ఇస్తుంది. వేరే కులం పిల్లల పక్కన కూర్చునే సందర్భం ఇస్తుంది. గది, బెంచీ, వెలుతురు, తిండి, పుస్తకం, పెద్దల కాపలా, వీటన్నిటి ఖర్చూ బడి భరిస్తుంది. ఆన్‌లైన్ అన్నప్పుడు పాఠం ఒక్కటే ఇంటికి వచ్చింది. మిగతా ఖర్చంతా కూలి చేసుకునే తల్లిదండ్రుల మీద పడింది. దానికి తోడు ఫోన్ వాయిదాలు, నెల నెలా రీచార్జ్.

విద్యాహక్కు చట్టం దీని గురించి మాట్లాడింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం, ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలు చదువు పూర్తి చేయడానికి అడ్డమయ్యే ఏ ఫీజూ, ఏ ఖర్చూ వాళ్ల మీద పడకూడదు. ఫోన్ లేక, డేటా లేక చదువు ఆగితే అది కూడా చదువుకు అడ్డమైన ఖర్చే. 2019లో కేరళ హైకోర్టు ఒక హాస్టల్ విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమేనని చెప్పింది. 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ బడుల కేసులో, డిజిటల్ అంతరం పేద పిల్లలను చదువుకు దూరం చేస్తోందని గుర్తించి ప్రభుత్వాలను ప్రణాళిక అడిగింది.

ఆ అంతరం ప్రాణాలు కూడా తీసింది. 2020 జూన్‌లో కేరళలో ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజునే మలప్పురం జిల్లాలో ఒక దళిత బాలిక చనిపోయింది. ఇంట్లో టీవీ పాడై ఉంది, స్మార్ట్‌ఫోన్ లేదు. అదే ఏడాది నవంబర్‌లో మన పక్కనున్న షాద్‌నగర్‌లో, ఢిల్లీలో డిగ్రీ చదువుతున్న ఒక పేదింటి విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఇంటి అప్పులు, అందని స్కాలర్‌షిప్, కొనలేని ల్యాప్‌టాప్ ఆమెను కుంగదీశాయని అప్పట్లో అందరూ చదివారు. ఈ పిల్లలకు చదువు మీద ఇష్టం తక్కువై కాదు. చదువుకు అవసరమైన వస్తువును ఇంట్లోంచి తెచ్చుకోమన్న వ్యవస్థ వాళ్లను ఒంటరి చేసింది.

తరగతి గది మాత్రం సమానంగా ఉందా

ఇంతవరకు చదివి, తరగతి గది మనకు సమానత్వం పంచిందని ఎవరూ అనుకోవద్దు. బాబాసాహెబ్ అంబేద్కర్ బడికి గోనెపట్టా తీసుకుపోయి విడిగా కూర్చున్నారు. నీళ్లు కావాలంటే బంట్రోతు వచ్చి కుళాయి తిప్పాలి. అది వందేళ్ల నాటి ముచ్చట అనుకుని ఊరుకోలేం. మరుగుదొడ్డి కడగడానికి ఏ పిల్లలను పిలుస్తారో, స్కాలర్‌షిప్ పేర్లు తరగతిలో ఏ గొంతుతో చదువుతారో మనలో చాలామందికి స్వయంగా తెలుసు. అందుకే కొందరు విద్యార్థులు మాతో అంటారు, వీడియో పాఠమే నయం, అది కులం అడగదు, అర్థం కాకపోతే పదిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోదు అని. ఆ మాటలో నిజం ఉంది.

కానీ తెర మీద మనిషి ప్రత్యక్షంగా ఉన్నప్పుడు కులం కూడా ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థుల ప్రిపరేటరీ కోర్సు ఆన్‌లైన్ తరగతిలో ఒక అధ్యాపకురాలు పిల్లలను బూతులు తిట్టారు. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ తరగతి వీడియో బయటికొచ్చింది, దేశమంతా చూసింది, ఆమెను సస్పెండ్ చేయక తప్పలేదు. నాలుగు గోడల మధ్య జరిగిన అవమానానికి సాక్ష్యం దొరకదు. తెర మీద జరిగినదానికి దొరుకుతుంది. 2022లో కేరళ హైకోర్టు ఒక కేసులో, ఆన్‌లైన్‌లో చేసిన కులదూషణకూ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఆన్‌లైన్ తరగతిలో అవమానం ఎదురైతే తేదీ, సమయంతో సహా రికార్డు దాచుకోవాలని విద్యార్థులకు మేం చెబుతున్నాం.

ఆన్‌లైన్ మనకు పనికొచ్చే చోటు

చదవడం, రాయడం బాగా వచ్చి, ఏం చదవాలో తెలిసిన విద్యార్థికి ఆన్‌లైన్ నిజంగా మేలు చేస్తుంది. గ్రూప్స్‌కో, పోలీస్ ఉద్యోగానికో సిద్ధమవుతున్న నకిరేకల్ యువతికి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దె, మెస్ బిల్లు, కోచింగ్ ఫీజు కలిపి ఇంటి శక్తికి మించిన భారం. టీశాట్ నిపుణ చానల్‌లో పోటీ పరీక్షల పాఠాలు ఉచితంగా వస్తాయి. కేంద్రం 2017లో తెచ్చిన స్వయం వేదికలో ఐఐటీ, విశ్వవిద్యాలయాల అధ్యాపకుల కోర్సులున్నాయి. పగలు పనిచేసి రాత్రి చదివేవాళ్లకు, చిన్నపిల్లల తల్లులకు, మన కాలేజీలో లేని సబ్జెక్టు చదవాలనుకునేవాళ్లకు ఇవి కొత్త దారులు.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, అదనంగా ఇవ్వాల్సినదాన్ని ఉన్నదానికి బదులుగా ఇచ్చినప్పుడు. ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు స్వయం ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లో నిబంధన తెచ్చింది. లెక్చరర్లు నిండుగా ఉన్న కాలేజీలో విద్యార్థికి అది ఎంపిక. లెక్చరర్లు లేని ప్రభుత్వ కాలేజీలో అదే నిబంధన ఖాళీ పోస్టును నింపకుండా ఉండటానికి సాకు కావచ్చు. ఏ కాలేజీలో ఏది జరుగుతోందో విద్యార్థి సంఘాలు కనిపెట్టి ఉండాలి.

మన జిల్లా ముందే చూపిన రెండు దారులు

ఈ చర్చలో ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఒక ప్రత్యేకత ఉంది. పిల్లలను పూర్తిగా బడిలోనే ఉంచి చదివించే గురుకుల విధానం 1971లో ఈ జిల్లాలోని సర్వేల్‌లో మొదలైంది. బడికి రాలేనివాళ్ల దగ్గరికే చదువును పంపే విధానమూ ఈ జిల్లాతో ముడిపడే ఉంది. 1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలినాళ్ల చిరునామా నాగార్జునసాగర్. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు.

పైకి ఇవి రెండూ ఎదురెదురు దారులు. దగ్గరగా చూస్తే రెండింటిలో ఒక పోలిక ఉంది. సర్వేల్ మాదిరి గురుకులం గది, తిండి, పుస్తకం, టీచర్ అన్నీ తానే భరించింది. ఓపెన్ యూనివర్సిటీ ఇంటర్ పాసు కానివాళ్లకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీ తలుపు తెరిచింది. తెలుగులో అచ్చు పుస్తకాలు ఇచ్చింది. ఊళ్లలో కాలేజీలనే స్టడీ సెంటర్లుగా చేసి, సెలవు రోజుల్లో అధ్యాపకుల చేత తరగతులు చెప్పించింది. దూరవిద్యే అయినా విద్యార్థిని మనిషి లేకుండా, చోటు లేకుండా వదల్లేదు. ఎంతోమంది కూలీలు, గృహిణులు, చిరుద్యోగులు ఆ దారిన డిగ్రీ పట్టా అందుకున్నారు.

2020లో కూడా ఇలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు ఇళ్లకు చేరిన తర్వాత, తమ ఊళ్లలోనే విలేజ్ లెర్నింగ్ సర్కిళ్లు నడిపారు. పెద్ద తరగతి పిల్లలు చిన్న పిల్లలను చెట్టు కిందో, వాకిట్లోనో కూర్చోబెట్టి చదివించారు. ఫోన్ ఉన్నచోట ఒక్క ఫోన్ చుట్టూ పదిమంది కూర్చున్నారు. చేతిలో ఏమీ లేని కాలంలో మన పిల్లలే ఈ పరిష్కారం చూపించారు. పాఠం ఎక్కడి నుంచైనా రావచ్చు, దాన్ని అందుకునే చోట ఒక గుంపు, ఒక పెద్ద మనిషి ఉండాలి.

మనం అడగాల్సినవి

ఆన్‌లైన్ పేరుతో ఏ పథకం వచ్చినా ముందు ఒక ప్రశ్న వేద్దాం. ఫోన్, డేటా, గది, కరెంటు ఖర్చు ఎవరిది? ప్రభుత్వానిది కాకపోతే విద్యాహక్కు చట్టం 3వ సెక్షన్‌ను ముందు పెడదాం.

రెండోది, ప్రతి వాడలో సాయంత్రం చదువుకునే గది కావాలి. చాలా ఊళ్లలో అంబేద్కర్ భవనమో, కమ్యూనిటీ హాలో ఉంది. అందులో టీవీ, ఇంటర్నెట్, నాలుగు పుస్తకాల బీరువాలు, జీతమిచ్చి పెట్టిన ఒక చదువుకున్న యువకుడో యువతో ఉంటే, అదే మన స్టడీ సెంటర్ అవుతుంది. గ్రామసభలో తీర్మానం పెట్టించడంతో దీన్ని మొదలుపెట్టవచ్చు.

మూడోది, కరోనా కాలంలో అక్షరం తప్పిన పిల్లలకు చదవడం, రాయడం ఎదురుగా కూర్చోబెట్టి నేర్పించాలి. వాళ్లకు ఇంకో యాప్ ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు. మీ ఊరి బడికి పోయి, పై తరగతుల్లో ఎంతమంది తెలుగు పేజీ తడబడకుండా చదువుతున్నారో మీరే విని రాసుకోండి. ఆ కాగితం మండల విద్యాధికారి ముందు పెట్టినప్పుడు దాని బలం మామూలు దరఖాస్తుకు ఉండదు.

నాలుగోది, పాఠాలు ఫోన్‌లో ఉన్నాయన్న మాట మీద ఏ బడీ మూతపడకూడదు, ఏ టీచర్ పోస్టూ రద్దు కాకూడదు.

పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కోమని మేం చెప్పడం లేదు. మన తాతలకు బడి గుమ్మం దగ్గరే ఆపేశారు. మనం పోరాడి లోపలికొచ్చి కూర్చున్నాం. ఇప్పుడు మళ్లీ "మీరు ఇంట్లోనే ఉండండి, పాఠం పంపిస్తాం" అంటే, ఆ మాట ఎంత మెత్తగా చెప్పినా మనం లేచి రాకూడదు. ఫోన్ పాఠం కావాలి, బడిలో చోటు కూడా కావాలి. రెండూ మన హక్కే.